మాట వినబడు మందిరము: ముంబయి టాటా థియేటరు, దాని ధ్వనినిర్మాణము

తెలుగుదేశపు ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు శాసనములను, దానపత్రములను, వృత్తులను, వలసల కారణములను పరిశీలించుట పరిపాటి. ఆ సామగ్రికి కొరత లేదు. కాని ఆ ప్రజలు తమ భాషను ఏ యింద్రియముతో నిలుపుకొనిరి అను ప్రశ్న వేసినవారు తక్కువ. నా దృష్టిలో దానికి సమాధానము చెవి. తంజావూరు సీమలో తెలుగు కీర్తనలను తమిళలిపిలో వ్రాసికొని పాడువారు అసంఖ్యాకులు. షోలాపూరు పద్మశాలీల యింట, బళ్లారి వీధులలో, బరంపురపు అంగళ్లలో తెలుగు మాటాడుచు తెలుగు చదువనేరని బాలబాలికలు ఎందరో కలరు. లిపి విడిచిపోయిన చోటులందును భాష చెవినంటి నిలిచినది. ఇట్టి జనులకు పద్యము, కీర్తన, నాటకము గ్రంథమునుండి రావు, సభనుండి వచ్చును. కనుక ఆ సభ జరుగు మందిరము మాటను వినిపించుచున్నదా, మ్రింగివేయుచున్నదా అను విషయము కేవలము ఇంజనీర్లకు విడిచిపెట్టదగినది కాదు.

ఈ వ్యాసమునకు ముఖ్య విషయము ముంబయి నారిమన్ పాయింటులో 1980వ సంవత్సరమున ప్రారంభమైన టాటా థియేటరు. అది తెలుగువారు కట్టించినది కాదు, తెలుగువారికై కట్టినదియు కాదు. ఆ నగరమున కామాటిపురా అను పేటకు పేరిచ్చిన తెలుగు కామాటీలు ఎన్నియో భవనములకు రాళ్లు మోసిరి గాని, ఈ మందిరపు చరిత్రలో వారికి చోటు కల్పించుట సత్యదూరమగును. అయినను భారతీయ గానమునకు, భారతీయ నాట్యమునకు తగిన నేటికాలపు మందిర మెట్లుండవలెను అను ప్రశ్నను మొదటినుండి శాస్త్రీయముగా విచారించి కట్టిన శాలలలో అది ప్రముఖమైనది. అందుచేత మనకు ఉపయుక్తము.

ముందుగా ధ్వనిశాస్త్ర విషయము కొంత చెప్పక తప్పదు. మూసిన గదిలో ఒక శబ్దము పుట్టి ఆగినను, అది గోడలనుండి గోడలకు, నేలనుండి కప్పునకు తట్టుకొనుచు కొంతసేపు వినబడుచునే యుండును. దీనిని అనురణన మందురు. ఇది ప్రతిధ్వని కాదు. ప్రతిధ్వని యనగా విడిగా, రెండవమారు పలికినట్లు వినవచ్చునది; అనురణనము మాట వెనుక సాగు తోక వంటిది. శబ్దశక్తి పదిలక్షలలో ఒక వంతునకు తగ్గుటకు పట్టు కాలమునకు అనురణన కాలమని పేరు. ఈ కాలము పెరిగినకొలది స్వరము నిండుగా వినబడును, మాట చెదరిపోవును.

తెలుగు మాట చెదరిపోవుట యనగా నేమి? గుడి, గుడ్డి అను రెండు పదములను తీసికొందము. ఈ రెంటికిని భేదము అధికమైన ఒక ధ్వనిలో లేదు. నాలుక పైని తాకి నిలిచిన కొద్దిపాటి మౌనములో నున్నది. ఆ మౌనపు అధికభాగము సెకనులో పదవ వంతునకు అటునిటుగా నుండును. అటు, అట్టు, పటు, పట్టు మున్నగు వాటియందును ఇదియే సంగతి. అనురణనము దీర్ఘమైన శాలలో ముందటి అచ్చు యొక్క తోక వచ్చి ఆ మౌనమును నింపివేయును. అప్పుడు గుడ్డి గుడి యగును, లేదా రెండును కాని మ్రోత యగును. ఇక ఛందస్సు సంగతి చెప్ప నక్కరలేదు. మన పద్యమంతయు లఘుగురువుల మీద నిలిచినది. లఘువు తన మాత్ర ముగిసిన పిదపను గదిలో మ్రోగుచునే యున్నచో అది గురువు వలె వినవచ్చును. పాడువాని తప్పు లేకయే గణభంగమగును! అర్థము ముందే తెలిసిన పండితుడు దానిని సరిదిద్దుకొని వినును. పదము మొదటిమారు వినుచున్న ప్రవాసాంధ్ర బాలునకు ఆ యవకాశము లేదు.

ఈ అనురణనమును కొలిచి, లెక్కకు లోబరచినవాడు అమెరికా దేశమున హార్వర్డు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రోపాధ్యాయుడు వాలెస్ క్లెమెంట్ సేబిన్. 1895లో ఆ విశ్వవిద్యాలయమునకు క్రొత్తగా కట్టిన ఫాగ్ చిత్రశాలలోని ఉపన్యాస మందిరమున ఒక్క మాటయు తెలియకుండెను. అందు పలికిన మాట సుమారు అయిదున్నర సెకనులు మ్రోగుచుండెను. దానిని సరిచేయు భారము యువకుడైన సేబినుపై పడినది. అతడు రాత్రివేళల, వీధులలో సద్దణగిన పిమ్మట, సమీపమున నున్న శాండర్సు నాటకశాలనుండి ఆసనముల దిండ్లను మోయించి తెచ్చి, వరుసవరుసగా పరచుచు, ఒక ఆర్గను గొట్టమును ఊది, శబ్దమెంతసేపటికి అణగునో కొలిచెను. తెల్లవారక ముందే దిండ్లను తిరిగి చేర్చవలసి యుండెను. ఈ కష్టమునుండి తేలిన సూత్రము మిక్కిలి సులభమైనది: శాల ఘనపరిమాణము పెరిగినచో అనురణన కాలము పెరుగును, శబ్దమును పీల్చు పదార్థము పెరిగినచో తగ్గును. పీల్చుటకు అతడు తీసికొన్న కొలమానము తెరచిన కిటికీ. కిటికీగుండ వెలుపలకు పోయిన శబ్దము తిరిగి రాదు గదా! ఈ సూత్రము ననుసరించి 1900వ సంవత్సరమున ప్రారంభమైన బోస్టను సింఫనీ హాలు నేటికిని లోకములో ఉత్తమమైన గానశాలలలో ఒకటిగా పేరు పొందినది. అది పొడవైన పెట్టె యాకారము గలది. నిండు సభలో దాని అనురణన కాలము రెండు సెకనులకు కొంచెము లోపు.

ఇచ్చట ఒక విషయమును గుర్తింపవలెను. బోస్టను శాల ఉత్తమమనుట పాశ్చాత్య వాద్యబృందమునకు ఉత్తమమనుట. నూరుమంది వాద్యకారుల ధ్వనులను ఒకదానిలో నొకటి కరగించి ఏకము చేయుటకు ఆ రెండు సెకనుల తోక అవసరము. మన గానమునకు ఆ పనిని తంబుర చేయుచున్నది. స్వరమునకు నిలకడను, నిండుతనమును ఇచ్చు శ్రుతి నిరంతరముగా మ్రోగుచుండగా, దానిపైని మరల గది మ్రోత యేల? పైగా మన గమకము స్వరమునుండి స్వరమునకు జారుచు పోవును. ఆ జారుట తెలియవలెనన్న ముందటి స్వరము తొలగిపోవలెను. మృదంగపు ద్రుతకాలపు సొల్లులు, నట్టువాంగపు జతులు విడివిడిగా వినబడవలెను. వీణ యొక్క సన్నని నాదము వడలో మూడవవంతు పోయినను నష్టమే. మన గానశాలకు కావలసినది మ్రోత కాదు, సాన్నిధ్యము.

పూర్వులకు ఈ సూత్రము తెలియదు, సాన్నిధ్యము తెలియును. తంజావూరు నాయకరాజుల కాలమున అచ్యుతప్ప నాయకుని పేర అచ్యుతాబ్ధి యనబడిన మేలట్టూరు అగ్రహారమున, వరదరాజస్వామి కోవెల ముందటి వీధియందు, నరసింహ జయంతికి ప్రహ్లాద చరిత్రాది తెలుగు నాటకములు ఆడుచుందురు. మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన నాటకములివి. చుట్టును తమిళము, నాటకము మాత్రము తెలుగు. ఆ వీధిని ఒక గానశాలగా భావించి చూడుడు. ఇరువైపుల ఇండ్ల గోడలు, అరుగులు దగ్గరగా నున్నవి. వాటినుండి తిరిగివచ్చు శబ్దము సెకనులో ఇరువదవ వంతు గడువక ముందే శ్రోతను చేరి అసలు మాటతో కలిసిపోవును. మాటకు బలము చేకూరును గాని చెరుపు కలుగదు. పైన కప్పు లేదు. సేబిను భాషలో చెప్పవలెనన్న ఆ శాల పైకప్పంతయు తెరచిన కిటికీయే. అందుచేత తోక లేదు. రాత్రి ప్రొద్దుపోయిన పిదప మొదలై తెల్లవారుదాక సాగు ఆట గనుక పరిసరములందు సద్దు లేదు. దీనిని ఎవ్వరును లెక్క కట్టి నిర్మింపలేదు. కాని లెక్క కట్టినను ఇంతకంటె మేలైనది దొరకుట కష్టము.

రాజాస్థానముల సంగతి వేరు. రఘునాథ నాయకుడు, అతని కుమారుడు విజయరాఘవ నాయకుడు, పిదప మరాఠరాజగు శాహజీ తెలుగు యక్షగానమునకు తంజావూరును పుట్టినిల్లు వంటిదానిగా చేసిరి. ఆ ప్రాసాదమున సంగీత మహలు అను శాల నేటికిని కలదు. రాజశాలలలో శ్రోతలు కొద్దిమంది. గాయకునకు ఎదురుగా కూర్చుందురు. సమస్య యంతయు శ్రోతల సంఖ్య పెరిగినప్పుడు పుట్టినది.

గొప్పతనము మాత్రమే చూచుకొన్నచో ఏమగునో తెలిసికొనుటకు కర్ణాటకమున విజయపురము, అనగా బీజాపూరు పోయి గోల్ గుంబజ్ చూడవలెను. మహమ్మద్ ఆదిల్ షా సమాధియైన ఆ కట్టడపు గుమ్మటము లోపల సుమారు 38 మీటర్ల వ్యాసము గలది. దాని లోపలి చుట్టు నడవలో ఒకచోట గుసగుసలాడిన, ఎదుటి వైపున నున్నవానికి చెవిలో చెప్పినట్లు వినబడును. బిగ్గరగా అరచిన మాట పలుమారులు తిరిగివచ్చును. విశాఖపట్టణమున చదువుకొని, మృదంగపు చర్మము పలుకు స్వరముల రహస్యమును 1920లో వెల్లడించిన చంద్రశేఖర వేంకట రామన్ గారు ఈ గుసగుసల నడవను గూర్చియు 1922లో పరిశోధన ప్రకటించిరి. వింతలకు ఆ గుమ్మటము పుట్టినిల్లు. పద్యము చదువుటకు మాత్రము అంతకంటె చెడ్డచోటు లేదు. వంగిన తలము శబ్దమును అద్దము వెలుగును కూర్చినట్లు ఒకచోటికి కూర్చును. మిగిలిన చోటులను ఎండగట్టును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను, ముంబయి శాల విషయమున మరల వచ్చును. హంపి విఠలాలయపు సప్తస్వర స్తంభములను గూర్చి చాలమంది ధ్వనిశాస్త్ర విశేషముగా వ్రాయుదురు. అవి మ్రోగు రాళ్లు, వాద్యములు. శాల యొక్క గుణమునకు వాటికిని సంబంధము లేదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివర టిక్కెట్టు నాటకము వచ్చెను. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు స్థాపించిన సభలు తెలుగు నాటకమునకు ఆధునిక రూపము నిచ్చినవి. ఆ బళ్లారి 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు మైసూరు రాష్ట్రమున చేరినది. సభల జ్ఞాపకము మాత్రము తెలుగుదే. యంత్రము లేని ఆ రోజులలో వందలమందికి వినిపించుట నటుని గొంతు పని. పద్యమును తారస్థాయిలో ఎత్తి, చివరి యక్షరమును రాగముతో సాగదీయు అలవాటునకు రసికుల అభిరుచి ఒక కారణమైన, వెనుక వరుసకు వినిపింపవలె ననునది మరియొక కారణమని నా నమ్మకము. సాగదీసిన అచ్చు దూరము పోవును, హల్లు పోదు. పద్యములను తగ్గించి వచనమునకు, సహజ నటనకు ప్రాధాన్య మిచ్చిన బళ్లారి రాఘవగారు (1880–1946) ఆ అలవాటునకు ఎదురీదిరి. హల్లును పలికించు నటునకు శాల యొక్క సహాయము మరింత కావలెను.

వాద్యములయందును ఇదే ఒత్తిడి కానవచ్చును. మైసూరు తిరుమకూడలు చౌడయ్యగారు (1895–1967) పెద్దసభలలో ఫిడేలు నాదము వెనుకకు చేరుట లేదని నాలుగు తంత్రులకు మూడు చేర్చి, ఏడు తంత్రుల ఫిడేలును వాయించిరి. శాల చేయవలసిన పనిని వాద్యముచేత చేయించుటకు జరిగిన ప్రయత్నమిది. 1930 ప్రాంతమున మైక్రోఫోను రంగమున ప్రవేశించి ఆ కష్టమును తీర్చినట్లు కనబడెను. గాయకుడు శ్రుతి దింపి పాడవచ్చును. సభ ఎంత పెద్దదైనను చింత లేదు. అనంతరము కట్టిన శాలలు మైకును నమ్ముకొని కట్టినవే అధికము. మద్రాసు సంగీత విద్వత్సభకు 1955లో నెహ్రూగారు పునాది వేయగా 1962లో ప్రారంభమైన మందిరము, హైదరాబాదున 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి మున్నగునవి జనబాహుళ్యమునకు చోటిచ్చి గొప్ప సేవ చేసినవి. కాని మైకు చేయునది శబ్దమును పెంచుట. తోకను త్రుంచుట దానికి చేతగాదు. మ్రోగు గదిలో మైకు పెట్టిన, మాటతోపాటు మ్రోతయు పెరుగును. ఈ సంగతి మన సంఘములవారిలో పలువురు నేటికిని గ్రహింపలేదు.

ఇట్టి స్థితిలో జంషెడ్ భాభాగారు (1914–2007), జె. ఆర్. డి. టాటాగారి అండతో, 1969లో ముంబయిలో జాతీయ ప్రదర్శన కళాకేంద్రమును స్థాపించిరి. అణుశాస్త్రజ్ఞుడు హోమీ భాభాగారికి ఈయన తమ్ముడు. భారతీయ సంగీత నృత్య నాటకములను రక్షించుట, వినిపించుట ఆ సంస్థకు ఆశయము. నారిమన్ పాయింటు వద్ద, సముద్రమును పూడ్చి తీసిన నేలపై, దానికి మందిరము కట్ట నిశ్చయించిరి. వాస్తుశిల్పిగా ఫిలిప్ జాన్సను (1906–2005) అను అమెరికను, ధ్వనిశాస్త్ర నిపుణుడుగా కొలంబియా విశ్వవిద్యాలయపు సిరిల్ హారిస్ (1917–2011) నియుక్తులైరి. జాన్సను తన గాజుటింటితో 1949లోనే ప్రసిద్ధి కెక్కినవాడు. 1979లో ప్రిట్జ్‌కర్ బహుమానమును ప్రప్రథముగా పొందినవాడు. హారిస్ న్యూయార్కు మెట్రొపాలిటను ఒపెరా మందిరమునకు, వాషింగ్టనులోని కెనెడీ కేంద్రమునకు ధ్వని కూర్చినవాడు.

ఈ యిరువురును అంతకు కొలది కాలము క్రిందటనే కలిసి పనిచేసి యుండిరి. న్యూయార్కున 1962లో ప్రారంభమైన ఫిల్‌హార్మోనిక్ హాలు ధ్వని విషయమున విఫలమై, పలుమారులు సవరింపబడి, తుదకు లోపలి భాగమంతయు తొలగింపబడినది. 1976లో దానిని లోపల క్రొత్తగా కట్టినవారు జాన్సను, హారిసులే. అప్పుడు వారు బోస్టను పద్ధతి ననుసరించి సుమారు 2,700 మందికి పొడవైన పెట్టె యాకారపు శాలను నిర్మించిరి. (ఆ శాలయు కలకాలము నిలువలేదు; మరల తొలగింపబడి 2022లో సుమారు 2,200 ఆసనములతో మూడవ రూపమును దాల్చినది. ధ్వనిశాస్త్రమున కోట్లు వ్యయపరచినను నిశ్చయము లేదనుటకు ఇది నిదర్శనము.) నాలుగేండ్లకు, అక్టోబరు 1980లో ముంబయిలో ప్రారంభమైన టాటా థియేటరులో అదే యిరువురు ఆ పెట్టెను విడిచి, వేదికకు ఎదురుగా విసనకఱ్ఱ వలె, ఇంచుమించు అర్ధవృత్తముగా విప్పారిన శాలను కట్టిరి. ఆసనములు 1,010 మాత్రమే. అవే మనస్సులు, అదే శాస్త్రము. కట్టడము మాత్రము తలక్రిందు. వినవలసిన సంగీతము మారినది గనుక శాల మారినది.

అర్ధవృత్తము వలని లాభమును ఒక లెక్కతో చూపుదును. ఇది ఆ మందిరపు కొలత కాదు, విశదపరచుటకై వేసిన లెక్క. వేయి ఆసనములకు నడవలతో కలిపి 800 చదరపు మీటర్ల నేల కావలెననుకొందము. ఇరువది మీటర్ల వెడల్పు గల పెట్టె యాకారమున చివరి వరుస వేదికకు 40 మీటర్ల దూరమున నుండును. అర్ధవృత్తమైనచో 23 మీటర్ల లోపలనే యుండును. దూరము సగమైనచో నేరుగా చేరు శబ్దశక్తి నాలుగు రెట్లగును. శబ్దము మాత్రమే కాదు. అభినయమున కనుబొమ్మ కదలిక, గాయకుడు సంగతి వేయుచు చేయి త్రిప్పుట, మృదంగ విద్వాంసుని చూపు, ఇవన్నియు 23 మీటర్లలో కనబడును, 40 మీటర్లలో కనబడవు. పెదవుల కదలిక కనబడిన మాట సగము వినబడినట్లే యని చెవి తగ్గినవారు చెప్పుదురు. అది అందరి యెడలను నిజమే. మన గానమున శ్రోత మౌనముగా కూర్చుండు ప్రేక్షకుడు కాడు. తాళము వేయును, ఆహా యనును, ఆ స్పందనము గాయకునకు చేరవలెను. మేలట్టూరు వీధిలో సహజముగా నున్నదానిని, విద్వాంసుని యింటి కచ్చేరీలో సహజముగా నుండెడిదానిని, వేయిమందికి కల్పించుటకు అర్ధవృత్తము ఉపాయమైనది.

అయితే ఈ యాకారమునకు దోషములు లేకపోలేదు. పెట్టె శాలలో ప్రక్కగోడలు సమీపమున నుండి శబ్దమును త్వరగా మధ్యకు త్రిప్పి పంపును. విసనకఱ్ఱ శాలలో గోడలు ప్రక్కలకు విడిపోవును గనుక ఆ శబ్దము వెనుకకు పోవును, నడుమ కూర్చున్నవారికి కొరత కలుగును. ఇంకొక యపాయము వెనుకగోడ. అది వంపు తిరిగినచో గోల్ గుంబజ్ కథయే: వేదికనుండి పోయిన శబ్దమంతయు కూడుకొని తిరిగి వేదికపైకి వచ్చి గాయకుని ముఖమున కొట్టును. హారిస్ ఈ రెంటికిని విరుగుడుగా తలములను చదునుగా గాని, నునుపైన వంపుగా గాని విడువక, కప్పును, గోడలను పలు ముఖములుగా విరుగగొట్టించెను. ఒక్కొక్క ముఖము శబ్దమును ఒక్కొక్క దిక్కునకు చల్లును. ఒకచోట కూడుట, ఒకచోట ఎండుట తప్పును. ప్రక్కగోడలు ఇయ్యలేని తొలి ప్రతిఫలనమును తలపై కప్పు ఇచ్చును. త్రిభుజముల వలె విరిగిన ఆ కప్పును చూచి అలంకారమనుకొనువారు కలరు. రత్నమునకు కోతలు అందమునకే గదా యని వారి వాదము. రత్నమునకును కోత వెలుగును చిమ్ముటకే.

మైకు లేకుండగనే చివరి వరుసకును వినబడవలెననునది ఈ శాల సంకల్పము. ఇట్టి సంకల్పమునకు అనురణన కాలమును తగ్గించుటకంటెను వెలుపలి సద్దును అరికట్టుట కష్టతరము. సన్నని నాదమును మ్రింగునది గది మ్రోత ఒక్కటియే కాదు. వాతశీతల యంత్రపు గాలి, రహదారి రొద, తలుపు చప్పుడు. తంబుర వినబడవలెనన్న గాలి నెమ్మదిగా వీచవలెను. నెమ్మదిగా వీచవలెనన్న గొట్టములు పెద్దవి కావలెను. గొట్టములు పెద్దవైన ఖర్చు పెరుగును. శ్రోతకు కనబడనిచోట పెట్టిన ధనమే శ్రోతకు వినబడునది. మన దేశమున మందిరములు కట్టించు దాతలకు చలువరాతి ద్వారముపై పేరు చెక్కించుకొనుటయం దున్న మక్కువ గాలిగొట్టములయందు ఉండదు, అది సహజమే.

టాటా థియేటరు సర్వార్థసాధకమని చెప్పజాలము. రంగమునకు త్రిప్పు వేదిక అమర్చి నాటకములకును అనుకూలింపజేసిరి. కాని గానమునకు, మాటకు తగిన సాన్నిధ్యము పాశ్చాత్య వాద్యబృందమునకు చాలదు. దానికి తోక కావలెను, లోతైన రంగము కావలెను. అందుచేతనే ఆ ప్రాంగణమున 1999లో 1,109 ఆసనములతో జంషెడ్ భాభా థియేటరును వేరుగా కట్టవలసివచ్చినది. 2006లో స్థాపితమైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాకు అదియే నిలయము. ఒకే శాల సమస్త కళలకు సరిపోవునను భ్రమను ఆ ప్రాంగణము రెండు కట్టడములతో ఖండించినది. సినిమా, వివాహము, ఎన్నికల సభ, కూచిపూడి, అన్నియు ఒక్క శాలలో జరుపదలచువారు ఈ సంగతిని యోచింపవలెను.

అదే 1980లో బెంగుళూరున మరియొక మందిరము ప్రారంభమైనది. ఏడు తంత్రుల విద్వాంసుని పేర కట్టిన చౌడయ్య స్మారక భవనమది. దానిని ఫిడేలు ఆకారముగా కట్టిరి. తంత్రులు, కమాను, బిరడలు వెలుపలనుండి కనబడును. ఆ నగరవాసులకు అది ప్రియమైనది, సంగీత సభలకు ఆశ్రయమైనది, తెలుగు కీర్తన అందు మ్రోగని వారముండదు. కాని ఫిడేలు యాకారపు భవనము ఫిడేలు వలె పలుకునని తలచుట పొరపాటు. ఫిడేలు డొల్ల పలుకునది తన కొలత వలన, చెక్క పలుచదనము వలన. దానిని నూరురెట్లు పెంచిన ఆ గుణము మిగులదు. గౌరవచిహ్నము వేరు, ధ్వనిసాధనము వేరు. చౌడయ్యగారు తంత్రులను పెంచి పరిహరింపబూనిన సమస్యకు, ఆ రెండు మందిరములలో ముంబయి శాలయే నేరుగా సమాధానమిచ్చినదని నా యభిప్రాయము.

ఇక మన సంఘముల మందిరముల మాట. ఇతర రాష్ట్రములందు తెలుగు సంఘములు కట్టించిన భవనములు బహుశః వివాహములకు అద్దె కిచ్చుటకును ఉద్దేశింపబడినవి. అందు తప్పు లేదు, ఆ అద్దెయే సంఘమును పోషించును. కాని వాటిలో ఉగాదికి కవిసమ్మేళనము జరిగినపుడు ఏమగుచున్నదో లెక్క వేసి చూతము. ముప్పది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల ఎత్తు గల శాల యనుకొందము. ఘనపరిమాణము 2,700 ఘనమీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి తలము 1,440 చదరపు మీటర్లు. నేల నాపరాయి, గోడలు సిమెంటు పూత. ఇట్టి గట్టి తలములు తమపై బడిన శబ్దములో నూటికి మూడు వంతులు పీల్చునని కొన్నచో, మొత్తము 43 చదరపు మీటర్ల తెరచిన కిటికీకి సమానము. సేబిను సూత్రము ప్రకారము ఘనపరిమాణమును 0.16తో గుణించి ఈ శోషణముతో భాగించిన, వట్టి శాలలో అనురణన కాలము పది సెకనులు! మూడువందలమంది వచ్చి కూర్చుండిరి. ఒక్కొక్క మనిషి సుమారు 0.45 చదరపు మీటరు కిటికీకి సమానము. శోషణము 178కి పెరిగి కాలము 2.4 సెకనులకు దిగును. బోస్టను వాద్యబృందమునకును అధికమే. నూటయేబదిమందియే వచ్చినచో దాదాపు నాలుగు సెకనులు. సభకు జనము తగ్గినకొలది వచ్చినవారికి వినబడుటయు తగ్గును. వినబడనందున మరుసటి యేడు మరికొందరు రారు.

దీనికి చికిత్స భారమైనది కాదు. ఖనిజోర్ణ పలకల వంటి, శబ్దములో నూటికి అరువది వంతులు పీల్చు పదార్థమును కప్పులో సగమునకు అమర్చిన, మూడువందలమంది సభలో కాలము 1.4 సెకనులకు వచ్చును. కప్పంతయు కప్పిన ఒక సెకను. మాటకు ఒక సెకను మేలు. అయినను కప్పంతయు కప్పుట నాకు సమ్మతము కాదు. వేదిక మీదను, దానికి ముందున్న భాగమునను కప్పు గట్టిగనే యుండవలెను, ఏలనన పాడువాని కంఠమును శ్రోతలకు పంపునది అదియే. పలకలను వెనుకభాగపు కప్పునకు, వేదికకు ఎదురుగా నున్న వెనుకగోడకు అమర్చవలెను. పలుచని గుడ్డ తెరలు వ్రేలాడదీసి తృప్తిపడువారు కలరు. పలుచని గుడ్డ పై స్థాయి శబ్దములను మాత్రము పీల్చును. అనగా స, ష, ట, త వంటి హల్లులను హరించి, మృదంగపు ఎడమవైపు గుమ్మును యథాతథముగా విడుచును. ఈ కొలతలకు కావలసిన పరికరములు నేడు అరుదైనవి కావు. సమీపపు ఇంజనీరింగు కళాశాలవారిని అడిగిన ఒక మధ్యాహ్నములో కొలిచి యిత్తురు. కొలత వట్టి శాలలో ఒకమారు, జనముతో ఒకమారు తీసికొనవలెను, కవిసమ్మేళనము జరుగు దినమైన మరియు మంచిది.